జానెడు ఖాళీ

శక్కర్‌నగర్, బోధన్
కార్తీక మాసం, సోమవారం

శైలజ మేడం గారికి,

ప్రశాంత్ తల్లి నాగవ్వ రాస్తున్నది. మీరు పంపిన సంచి అందింది. ప్యాంట్లు, దుప్పటి, టోపీ, ఫోను చార్జరు అన్నీ ఉన్నాయి. అంగీలు ఉతికి పంపారు. ఎవరు ఉతికారో వాళ్ల చేతులు చల్లగుండాలి, కానీ ఉతకకుండా పంపితే బాగుండేది. తప్పు పట్టి రాస్తలేను. మనసుకు అట్లా అనిపించింది.

ఫోను చేద్దామంటే మీ అడవిలో సిగ్నల్ లేదంటారు. ఉన్నా కూడా నాకు ఫోన్లో గొంతు రాదు. ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి అక్షరాలు వస్తాయి. బీడీలు చుట్టడం ఆపి, చేతులు కడుక్కొని రాస్తున్నాను. తునికాకు మరకలు కాగితానికి అంటితే ఏమనుకోవద్దు.

ఆషాఢంలో పోయాడు వాడు. మా ఇంట్లో అందరం బంటి అనే పిలిచేవాళ్లం. మీకు ప్రశాంత్ అంటేనే తెలుస్తుంది. వాళ్ల నాయిన పోయిన తర్వాత ఇంట్లో మేమిద్దరమే. ఇప్పుడు నేను.

ఒక్క సంగతి అడుగుదామని ఈ ఉత్తరం. వాడు మీ దగ్గర ఏం పని చేసేవాడు? ఇక్కడ అందరూ బోరుబండి మీద పని అనుకుంటున్నారు. మొన్న కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోతే అనసూయమ్మ అందరి ముందు అడిగింది.

"నాగవ్వా, మీ పోరడు బోర్లేసే కాడ్నే గదా ఉండె? మరి నీళ్లు పడ్డయా?"

ఏం చెప్పాలి? "పడలే" అన్నాను. నాకే తెలియదాయె. రెండేండ్లు కొలువు చేశాడు. ఏం చేస్తవురా అంటే "రాళ్లు పెట్టెల పెడ్తనే అవ్వా" అని నవ్వేవాడు. "రాళ్లు పెట్టెల పెడితే జీతమిస్తరారా?" అంటే "మస్తు పైలంగ పెట్టాలెనే, ఒక్కటి జరగొద్దు" అనేవాడు. నేను కూడా నవ్వి ఊకున్నాను. ఇప్పుడు ఆ మాట తప్ప నా దగ్గర ఏం లేదు. ఏ పని మీద ప్రాణం పోయిందో తల్లికి తెలియొద్దా మేడం?

వాడిది ఇంకొకటి ఉంది నా దగ్గర. మృగశిర కార్తెకు చేపలు తినడానికి ఇంటికి వచ్చినప్పుడు ఒక రాయి తెచ్చాడు. కడ్డీలాగా గుండ్రంగా ఉంటుంది. జానెడు పొడుగు, గాజులో దూరేంత లావు. నడుమ పచ్చగా మెరుస్తుంది. మా రోట్లో నూరే రాయి పగిలిపోయింది. వాడు పోయిన తర్వాత దీనితోనే ఎల్లిగడ్డ కారం నూరుతున్నాను. మోర్తాడ్ నుంచి మా అన్న పసుపు కొమ్ములు పంపితే అవీ దీనితోనే దంచాను. బాగా నూరుతుంది. రోజుకు ఒక్కసారన్నా చేతిలోకి వస్తుంది, అందుకని.

మీరు పెద్ద చదువు చదివినవారు. ఇంత రాసినందుకు విసుక్కోవద్దు.

నాగవ్వ


సాగోన్‌ధానా క్యాంపు, బేతూల్ జిల్లా, మధ్యప్రదేశ్
9 డిసెంబర్

నాగవ్వ గారికి నమస్కారం.

మా ఉత్తరాలు సరుకులు తెచ్చే జీపులో వారానికోసారి వస్తాయి. మీ ఉత్తరం ఉల్లిగడ్డల బస్తా మీద పడి ఉంది. అక్కడే నిలబడి చదివాను.

అంగీలు ఉతికించింది నేనే. వాటికి బురద ఉండింది, బురద ఒక్కటే కాదు. మీరు చూడకూడదనుకున్నాను. తల్లికి ఏం కావాలో నాకు తెలియలేదు.

మీరు అడిగినది చెబుతాను. ఇది నీళ్ల బోరు కాదు. కొండ లోపల రాగి, జింకు ఉన్నాయేమో చూసే బోరు. నీళ్ల బోరులో రాయి పిండి అయి బయటికి వస్తుంది. మాది అలా కాదు. వజ్రపు రవ్వలు పొదిగిన గొట్టం గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. నడుమ మిగిలిన రాయి కడ్డీలాగా పైకి వస్తుంది. దాన్ని కోర్ అంటాం. పైన దొరికింది ముందు, లోతున దొరికింది తర్వాత, వచ్చిన వరుసలోనే పొడవాటి పెట్టెల్లో పేర్చాలి. ఎంత లోతుదో చెక్క ముక్క మీద రాసి మధ్యమధ్యలో పెట్టాలి. రెండు ముక్కలు అటుఇటైతే కొండ కడుపులో ఉన్నది ఉన్నట్టు మాకు తెలియదు.

ఆ పేర్చే పని ప్రశాంత్‌ది, ఆ రాళ్లను చూసి రిపోర్టు రాసే పని నాది. పేర్చేటప్పుడు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. నేను పిలిచినా సరే, తల ఎత్తకుండా చెయ్యి చూపించి ఆగమనేవాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత నేనే ఆగడం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజు కొండ మీద బోరు వేసే రిగ్గు దగ్గర నుంచి పెట్టెలు కిందికి తెస్తున్నారు. వానకు దారి నానిపోయి ట్రాక్టర్ లోయలోకి జారింది. ప్రశాంత్ పెట్టెలను పట్టుకుని వెనక కూర్చున్నాడు. మీకు చెప్పినది ఇదే, జరిగినదీ ఇదే. అందులో దాచింది ఏమీ లేదు.

పెట్టెలు కూడా లోయలో చెదిరిపోయాయి. ఆ బోరు రాళ్లను నేను అప్పటికి ఒక్కసారైనా చూడలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే పని. రాళ్లన్నీ ఏరి తెచ్చి, ఒక ముక్క విరిగిన అంచుకు ఇంకో ముక్క అంచు ఆనించి చూడటం. జత కలిస్తే పట్టుకుంటుంది, జరగదు. అలా ఒక్కొక్క పెట్టె నింపుతూ వచ్చాను. ఇప్పుడు అన్నీ వరుసలోకి వచ్చాయి, ఒక్క చోట తప్ప.

ఇంకో మాట. ఆ రాయితో దయచేసి ఏదీ నూరకండి. అందులో రాగి, జింకుతో పాటు సీసం కూడా ఉండవచ్చు. ఒంట్లోకి పోతే మంచిది కాదు. నూరి పెట్టిన కారం, పసుపు ఉంటే పారబోయండి. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. రాయిని కడిగి పక్కన పెట్టండి. రాయిని మాత్రం పారేయకండి.

శైలజ


శక్కర్‌నగర్, బోధన్
పుష్య మాసం

శైలజ మేడంకు,

మీ ఉత్తరం అందింది. కారం పారబోశాను. పసుపు సీసా కూడా. డాక్టరు రక్తం తీసి చూసి భయం లేదన్నాడు. అది అయిపోయింది.

ఇప్పుడు నేను అడుగుతాను. విషమైతే రాయిని పారేయమనాలి గదా? పారేయకండి అని ఎందుకు రాశారు? అన్నీ వరుసలోకి వచ్చాయి, ఒక్క చోట తప్ప అన్నారు. ఆ ఒక్క చోటు ఎంతుంటది? జానెడా?

అడిగేది ఉంటే సీదాగా అడగాలి. చుట్టు తిప్పి రాస్తే ఈమెకు ఏం సమజైతది అనుకున్నారా? మీ ఉత్తరం మొదటిసారి చదివి మస్తు సంబురపడ్డాను, నా కొడుకు పని ఇట్లాంటిదా అని. రెండోసారి చదివితే ఆ సంబురం మొత్తం పోయింది.

ఉత్తరం మా మరిది ఆత్మారాంకు చదివి వినిపించాను. ఆయన చెరుకు లారీల మీద పోతాడు, నాలుగు ఊర్లు తిరిగిన మనిషి. వినంగానే లేచి తలుపు దగ్గరికేశాడు.

"వదినా, గిది కంపెనీ సొత్తు. పోలీసులొస్తే బంటిగాని మీద దొంగతనం రాస్తరు. సచ్చినోని మీద కేసైతది. ఇటియ్యి, మంజీరల పారేసొస్త."

"నా కొడుకు దొంగనారా?"

"నేనంటలేనే. కాయితం అంటది."

"దాన్ని ముట్టుకున్నవంటే మంచిగుండదు సూడు."

తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంతకూ గది బంగారమా వదినా?"

"బంగారమైతే నీకు సూపిద్దునా?"

పోయేటప్పుడు తలుపు గట్టిగా గుంజి పోయాడు. నాకు నవ్వు రాలేదు మేడం. ఆ దొంగతనం మాట నా చెవుల్లో నుంచి పోతలేదు. నా కొడుకు ఇంటికి ఎప్పుడూ ఒకరి వస్తువు తేలేదు. పక్కింటి జామచెట్టు కొమ్మ మా గోడ మీదికి వస్తే కాయ తెంపి వాళ్లకే ఇచ్చి వచ్చేవాడు. ముందు అది చెప్పండి. వాడు దొంగతనం చేశాడా?

రాయి గూట్లో పెట్టాను. నూరుతలేను. కానీ ఇవ్వను. మీకు కొండ మొత్తం ఉన్నది. నాకు జానెడే.

నాగవ్వ


సాగోన్‌ధానా క్యాంపు
4 ఫిబ్రవరి

అవ్వా,

ప్రశాంత్ మిమ్మల్ని అవ్వా అనే తలుచుకునేవాడు. నాకు కూడా ఆ పిలుపే నోటికి వస్తున్నది. కోపంగా ఉంటే కొట్టివేసి చదువుకోండి.

మీరు అన్నది నిజం. అడగలేక చుట్టు తిప్పి రాశాను. ఖాళీ జానెడే.

దొంగతనం కాదు. పెట్టెలోంచి ముక్క తీయకూడదు, అది అతనికీ తెలుసు. తెలిసీ తీశాడు. ఎందుకు తీశాడో నేను చూడలేదు. రిగ్గు మీద ఉన్నవాళ్లు చెప్పింది రాస్తాను. ఈ కొండలో ఎన్ని బోర్లు వేసినా బూడిదరంగు రాయే వచ్చింది. మనుషులు మాట్లాడుకోవడం కూడా తగ్గిపోయింది. పొద్దున లేవడం, గొట్టాలు దించడం, బూడిదరంగు రాయి, పడుకోవడం. అట్లాంటప్పుడు ఒక మధ్యాహ్నం నూట నలభై మీటర్ల లోతు నుంచి మెరిసే రాయి పైకి వచ్చింది. ప్రశాంత్ దాన్ని రెండు చేతులా ఎత్తిపట్టుకుని ఎగిరాడట. నేను ఆ వారం భోపాల్‌లో ఉన్నాను. తర్వాత అతను సెలవు మీద మీ దగ్గరికి వచ్చాడు. తిరిగి తెచ్చి పెట్టాలనే అనుకుని ఉంటాడు. కానీ నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు మీకు రాయను.

ఖాళీకి పైనున్న ముక్క అంచులో మెరుపు ఉంది. కిందున్న ముక్క అంచులోనూ ఉంది. నడుమ ఏముందో తెలిస్తేనే వచ్చే ఏడాది ఇక్కడ పని ఉండాలో వద్దో పైవాళ్లు తేలుస్తారు. మా పై ఆఫీసరు ఒకసారి వచ్చి చూశారు.

"పేర్చినవాడి నిర్లక్ష్యం వల్ల పోయింది అని రాసి ముగించమ్మా" అన్నారు.

"లోయలో ఇంకోసారి వెతుకుతాను సార్" అన్నాను.

"ఎండాకాలం దాకా వెతుకు. తర్వాత నేనే రాస్తాను."

ఆయన చెడ్డవాడు కాదు. ఇట్లాంటి కొండలు చాలా చూసి అలిసిపోయిన మనిషి. అప్పుడు నాకు ఆ రాయి మీ దగ్గర ఉందని తెలియదు. మీ మొదటి ఉత్తరం చదివాక తెలిసింది. అయినా ఆయనకు చెప్పలేదు. మీ ఇంటికి ఎవరూ రారు, మీ మరిదికి చెప్పండి.

ఆ రాయి వస్తే ఏం చేస్తామో కూడా దాచను. నిలువునా రంపంతో రెండు చేస్తాం. ఒక సగం పొడి కొట్టి పరీక్షకు పంపుతాం, అది ఇక ఉండదు. ఇంకో సగం పెట్టెలో దాని చోట ఉంటుంది, తీయడానికి లేదు. మీ చేతికి మళ్లీ రాదు.

సీదాగా అడగమన్నారు. అడుగుతున్నాను. నాకు ఆ రాయి కావాలి అవ్వా. ప్రశాంత్ పేరు పక్కన నిర్లక్ష్యం అనే ఆ మాట పడకూడదు.

ఇవ్వలేకపోతే ఇవ్వకండి. ఉత్తరం మాత్రం రాయండి.

శైలజ


శక్కర్‌నగర్, బోధన్
హోళీ అయిన తెల్లారి

శైలజ బిడ్డకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రాయడానికి చేతులు రాలేదు. చెరుకు కొట్టే గుంపులు మహారాష్ట్రకు తిరిగి పోతున్నాయి. మా గల్లీ ముందు నుంచి ఎడ్లబండ్లు పోతుంటే చూసుకుంటూ కూసున్న. బీడీలు కూడా మంచిగ చుట్టలేదు. కార్ఖానాలో సగం తీసి పక్కన పడేసిండ్రు.

నీకు చెప్పనిది ఒకటి ఉన్నది. వాడు రాయి తెచ్చిన రోజు ఏమన్నాడో నేను రాయలేదు. రాస్తే ఇవ్వాల్సి వస్తదని.

ఆ రోజు చేపల కూర తిని చెయ్యి కడుక్కొని, సంచిలోంచి తువ్వాలు తీసి విప్పిండు.

"ఇగో సూడవ్వా. గీ రాయిని ఇంతవరకు ఎవ్వలు సూడలే. మేం నలుగురం సూసినం. నువ్వు ఐదోదానివి."

"దేనికి పనికొస్తదిరా?"

"రాగి ఉన్నదే దీంట్ల."

"మరి బిందెలు చేస్తరా?"

"ముందు ఉన్నదని తేలాలె గదనే."

"మెరుస్తనే ఉన్నది గదరా, ఇంకేం తేలాలె?"

"నువ్వు సూస్తే తేలదు. మా మేడం సూడాలె. ఆమె భూతద్దం పెట్టి సూస్తది. నీళ్లు లేకపోతే నాలికతోటి తడిపి సూస్తది."

"రాళ్లు నాకుతదారా మీ మేడం?"

"పెద్ద సదువు సదివితే గట్లనే నాకుతరే."

పొట్ట పట్టుకుని నవ్వినం ఇద్దరం. నిజంగానే నాకుతవా బిడ్డా? అడగొద్దనుకున్న, అయినా అడుగుతున్న.

పోయే రోజు బస్సుకు ఆలస్యమైంది. సంచి బరువైతదని రాయి నా చేతిలో పెట్టిండు. "బోనాలకు వచ్చి తీస్కపోత. పైలంగ పెట్టు. మా మేడంకు నేనే సూపియ్యాలె" అన్నడు. ఉరికిండు. అంతే.

ఇది తెలిసీ నేను ఇవ్వకపోతే వాడి మాట నేను ఆపినట్టైతది. వాడు లేడు కాబట్టి నేను చూపిస్తున్న. చూడు.

పార్సిల్ కట్టి నిజామాబాద్ పెద్ద పోస్టాఫీసుకు పోయిన. కౌంటర్ల ఉన్న శేఖర్ అనే అతను మా ఊరి అల్లుడే. తూకం మీద పెట్టి నా మొఖం చూసిండు.

"ఏముందవ్వా దీంట్ల? గింత బరువు?"

"రాయి."

"రాయా? మధ్యప్రదేశ్‌కు రాయి పంపుతవా? గాళ్లకు రాళ్లు లెవ్వా?"

"ఆ ఊరిదే. ఆ ఊరికే పోతున్నది."

"మరి ఇటెందుకొచ్చింది?"

"సుట్టపుసూపుకొచ్చింది. సెలవు అయిపోయింది."

లైన్లో నిలబడ్డోళ్లు నవ్విండ్రు. నాకు కూడా నవ్వొచ్చింది. వాడు పోయినప్పటి నుంచి నోరు తెరిచి నవ్వుడు అదే మొదలు. బయటికి వచ్చి మెట్ల మీద కూసొని ఏడ్చిన. ఎవరో నీళ్ల సీసా ఇచ్చిండ్రు.

ఆ రాయి మీద ఎర్ర పెన్సిలు గీత ఒకటి ఉండె. వాడు గీసిందే. రోట్లో పెట్టే ముందు కొబ్బరి పీచు పెట్టి తోమిన, పోయింది. ఒక కొస నూరి నూరి నున్నగైంది. పగుళ్లలో పసుపు పట్టింది, ఎంత కడిగినా పోలేదు. పనికొస్తదో రాదో నాకు తెలియదు. పనికిరాకపోతే పనికిరాలేదనే రాయి. నన్ను బుజ్జగించడానికి ఏదో ఒకటి రాయొద్దు.

వాడి పేరు పక్కన ఆ మాట పడొద్దు. నాకు ఇంకేం వద్దు.

నాగవ్వ


సాగోన్‌ధానా క్యాంపు
28 ఏప్రిల్

అవ్వా,

రాయి అందిన రోజే రాయాల్సింది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాను. బుజ్జగించవద్దన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పెట్టె ముందు కూర్చుని రాయిని ఖాళీలో పెట్టాను. పై అంచు పట్టుకుంది, జరగలేదు. కింది అంచు పట్టలేదు. అది మీరు నూరిన కొస, ఆనడానికి గరుకు లేదు. కానీ మెరిసే చార రాయి నడుమ ఏటవాలుగా పోతుంది కదా, అదే చార అదే వాలులో కింది ముక్కలోకి దిగింది. దాని చోటు అదే. పై ఆఫీసరు కూడా వంగి చూసి తల ఊపారు. "ఎక్కడ దొరికింది?" అన్నారు. "వాళ్ల ఇంట్లో భద్రంగా ఉంది సార్" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

రంపం వేసినప్పుడు పగుళ్లలో పసుపు కరిగి నీళ్లు పచ్చగా పారాయి. షెడ్డులో ఎల్లిగడ్డ వాసన వచ్చింది. రంపం పట్టిన మనిషి ఆపి నా వైపు చూశాడు. కానివ్వమన్నాను.

అందులో మంచి రాగి ఉంది. ఈ కొండ మొత్తంలో అంత మంచిది ఇంకెక్కడా దొరకలేదు. కానీ ఆ జానెడే అవ్వా. పైన లేదు, కింద లేదు. కాస్త దూరంలో ఇంకో బోరు వేసి చూశాం, అక్కడా లేదు. జానెడు మందం కోసం ఎవరూ గని తవ్వరు. క్యాంపు ఎత్తేస్తున్నారు. మూడేళ్లు ఈ కొండను నమ్మాను. గుడారాలు విప్పుతుంటే నాకు బాధ కూడా సరిగ్గా రావడం లేదు, నిద్ర వస్తున్నది.

రిపోర్టులో "ముక్క దొరికింది, దాని చోట పెట్టడమైనది" అని రాశాను. ఆ మాట పడలేదు. మీ దగ్గర నుంచి ఇంత తీసుకుని నేను ఇవ్వగలిగింది ఆ ఒక్క వాక్యం.

రాళ్లను తడిపి చూస్తాను, నిజమే. నీళ్ల సీసా మర్చిపోయిన రోజు నాలుకతోనే. దీన్ని మాత్రం నీళ్లతో తడిపాను.

ఇంకొకటి. పెట్టెలన్నీ హైదరాబాద్ గోదాముకు పోతున్నాయి. లారీ నాగ్‌పూర్ మీదుగా వచ్చి ఆర్మూర్ దాటుతుంది. వచ్చే శుక్రవారం బయలుదేరి శనివారం మధ్యాహ్నానికి పెర్కిట్ చౌరస్తాకు చేరుతుంది. డ్రైవర్ కొమురయ్య నిర్మల్ మనిషి, అక్కడ ఆగమని చెప్పాను. ఆ పెట్టె లారీ వెనక, చేతికి అందేటట్టు పెట్టించాను. మూతకు మేకులు కొట్టలేదు. మిగిలిన సగం మీరు తీసుకోండి. తీయకూడదని తెలిసే రాస్తున్నాను. గోదాములో ఆ పెట్టె మళ్లీ ఎప్పుడు తెరుస్తారో, తెరుస్తారో లేదో. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను.

శైలజ


శక్కర్‌నగర్, బోధన్
వైశాఖ మాసం, ఆదివారం

శైలజ బిడ్డకు,

నిన్న పోయిన. ఆత్మారాంను వెంట తీసుకుపోయిన. ఆధార్ కార్డు చూపిస్తే ఆడమనిషినని నాకు బస్సులో టికెట్ లేదు, ఆయనకే కొట్టిండ్రు. దారి పొడుగునా దానికే సణిగిండు.

లారీ ఆలస్యంగా వచ్చింది. పెర్కిట్ చౌరస్తాలో ఎండకు రోడ్డు మెత్తబడ్డది. చెరుకు రసం బండి గొడుగు కింద నిలబడ్డం. ఎన్ని లారీలు పోతున్నాయో, ప్రతి దానికీ గొడుగు కింద నుంచి బయటికి వచ్చి చూసిన. చివరికి ఒకటి పక్కకు ఆగింది. తెల్ల గడ్డం మనిషి దిగిండు.

"బోధన్ అవ్వ నువ్వేనా?"

"నేనే నాయినా. నువ్వు కొమురయ్యవా?"

"ఔ. మేడం బయలెల్లంగ ఒకటే చెప్పుడు, బ్రేకు గట్టిగ కొట్టొద్దు, రాళ్లు జరుగుతయి అని. నేను పత్తి తోలిన, పసుపు తోలిన, పెండ్లి సామాను తోలిన. రాళ్లకు గింత మర్యాద ఎన్నడు సూడలే."

వెనక తలుపు దించి నన్ను చెయ్యి పట్టి ఎక్కించిండు. నువ్వు చెప్పిన పెట్టె ముందే ఉన్నది. మూత లేపిన.

నేను ఏదో అనుకున్న. పెట్టె అంటే పెట్టె అనుకున్న. లోపల రాళ్లు వరుసలు వరుసలుగా ఎంత ముద్దుగ పడుకున్నయి బిడ్డా. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, ఒకదానికొకటి ఆనుకొని. నడుమ చెక్క ముక్కలు. వాటి మీద అంకెలు వాడు రాసినవే. ఏడు రాస్తే నడుమ అడ్డగీత కొడతడు వాడు, చిన్నప్పుడు బడిలో పంతులు కొట్టినా మానలేదు. గీత ఉన్నది. ఆ చెక్క ముక్కలు లోయలోంచి నువ్వు ఏరి తెచ్చినవా? బురద మరక ఇంకా ఉన్నది వాటికి.

రెండేండ్లు వాడు చెప్పింది నేను ఇన్నది ఇంతేనా అనిపించింది. రాళ్లు పెట్టెల పెడ్తనే అన్నడు, నవ్విన. ఎట్ల పెడ్తవురా అని అడగలేదు.

రాయి దొరికింది. సగమే ఉన్నది. కోసిన దిక్కు అద్దం తీరు మెరుస్తున్నది. తీసి ఒడిలో పెట్టుకున్న. ఎండకు వెచ్చగైంది. చేతికి వెంటనే తెలిసింది అదేనని.

కింద నుంచి ఆత్మారాం తొందర పెడుతున్నడు.

"సంచిల ఏస్కో వదినా. నిజామాబాద్ బస్సు పోతది."

కొమురయ్య బీడీ ముట్టించుకుని అటు దిక్కు తిరిగిండు.

"తీస్కో అవ్వా. నేను టైర్లు సూస్తున్న. నాకేం కనబడ్తలేదు."

సంచి మూతి తెరిచిన. తెరిచి పెట్టె దిక్కు ఒకసారి చూసిన. అక్కడ జానెడు ఖాళీ పడ్డది. అన్ని వరుసలు నిండుగ ఉండి ఆ ఒక్క చోటు బొక్కలాగ కనబడ్డది. ఎవరన్నా ఎప్పుడో ఒకనాడు ఈ మూత తీస్తే ముందు దాన్నే చూస్తరు. ఈ పెట్టె పేర్చినోడు ఎవడో సగంలో విడిచిపోయిండు అనుకుంటరు. వాడు ఎవరో వాళ్లకు తెలియదు. చెప్పడానికి నేనుండను, నువ్వుండవు.

బిడ్డా, వాడు పోయినప్పటి నుంచి నన్ను తింటున్నది ఇదే. అన్నీ నడుమ విడిచిపోయిండని. పెండ్లి కాలేదు, ఇల్లు కప్పు వేయలేదు, బోనాలకు వస్తనని రాలేదు. ఏ ఒక్కటన్నా వాడు పూర్తి చేసింది ఉన్నదా అని లెక్క చూసుకుంటే ఏదీ దొరకలేదు. నిన్న ఆ పెట్టె చూసిన. అది ఒక్కటే నిండి ఉన్నది. దాన్ని నేను ఖాళీ చేయలేను.

మళ్లీ పెట్టిన. ఏ కొస ఎటో ఎవరిని అడగలేదు. నున్నటి కొస కిందికి. పెట్టి వేలుతో నొక్కి చూసిన. కాసేపు అట్లనే వేలు తీయలేదు.

"ఏందవ్వా, పెట్టినవా?" అన్నడు కొమురయ్య.

"పెట్టిన. మూత ఎయ్యి. మేకులు కొట్టు."

"మల్ల దొరకదు సూడు."

"తెలుసు నాయినా. కొట్టు."

సుత్తె తీసుకుని నాలుగు మూలల కొట్టిండు. కొడుతుంటే చూసిన, కండ్లు మూసుకోలేదు. వాణ్ణి మట్టిల పెట్టే రోజు కండ్లు మూసుకున్న.

లారీ పోయింది. నువ్వు చెప్పినట్టే మెల్లగ తోలిండు.

నువ్వు ఆ కొండను మూడేండ్లు నమ్మిన అని రాసినవు. నేను ఏం చెప్పగలుగుతా? నాకు ఆ కొండ మీద కోపం ఉండె. ఇప్పుడు అంత లేదు. అక్కడ ఏం లేదని తేల్చడానికి నా కొడుకు పేర్చిన రాళ్లే కావాల్సి వచ్చినయి గదా. నువ్వు ఇంటికి పో, మీ అమ్మ చేతి అన్నం తిని రెండు రోజులు పడుకో. ఇటు దిక్కు వస్తే మా ఇంటికి రా. కారం వేరే రాయితో నూరుతున్న, భయపడకు.

బస్సులో ఆత్మారాం నిజామాబాద్ దాటినంక అన్నడు.

"గింత ఎండల గింత దూరమొచ్చి వట్టి సేతులతోటి పోతున్నం వదినా."

నా చేతులు చూసుకున్న. తునికాకు మరకలు తప్ప ఏం లేవు.

"పని అయిపోయింది గదరా ఆత్మారాం" అన్న. "అందుకే వట్టిగున్నయి."

అవ్వ
నాగవ్వ